మబ్బు కడుపులో పిడుగు జాడ

మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగే ఎండ. మూడు దాటేసరికి పడమటి దిక్కున నల్లటి మబ్బు. ఈదురుగాలి. టపటపా నాలుగు పెద్ద చినుకులు. ఎక్కడో ఓ ఉరుము. కలుపు తీస్తున్న కూలీలు గట్టు మీదున్న చింతచెట్టు కిందికి పరుగు తీస్తారు. మేకల కాపరి మందను వేపచెట్టు నీడకు తోలుకుపోతాడు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఓ మూల నాలుగు లైన్ల వార్త... 'పిడుగుపాటుకు ఇద్దరి మృతి'.

ఏటా ఎండాకాలంలోనూ, తొలకరికి ముందూ మనం చదివే వార్తే ఇది. చదివి 'అయ్యో పాపం' అనుకుంటాం. పేజీ తిప్పేస్తాం. 'విధి' అని సరిపెట్టుకుంటాం. మరి ఆ పిడుగు పడబోతోందని ముందే కనిపెట్టలేమా? సరిగ్గా ఏ చెట్టు మీద పడుతుందో చెప్పడం ఇప్పటికీ ఎవరి వల్లా కాదు. కానీ ఏ మబ్బు పిడుగులు కురిపించబోతోందో మాత్రం కొన్ని నిమిషాల ముందే పసిగట్టవచ్చు. ఆ పని చేసే కన్ను పేరు... రాడార్!

పదమూడు గంటల్లో 36,749

2018 ఏప్రిల్ 24. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ అధికారులు ఆ రోజు లెక్క తీసి తామే నోరెళ్లబెట్టారు. 13 గంటల్లో రాష్ట్రంలో నమోదైన పిడుగులు అక్షరాలా 36,749. ఆ అంకె ప్రపంచవ్యాప్తంగా వార్త అయింది.

మన దేశంలో ప్రకృతి తీసే ప్రాణాల్లో పెద్ద వాటా పిడుగుదే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో పిడుగులు పడి చనిపోయినవారు 2,887 మంది. వరదలు, వడగాలులు, చలి, కొండచరియలు... ప్రకృతి కారణంగా ఆ ఏడాది నమోదైన మరణాలన్నీ కలిపి చూస్తే అందులో మూడో వంతుకు పైగా ఈ ఒక్కదాని వల్లే. అయినా తుపాను వస్తోందంటే జరిగే హడావుడిలో వందో వంతు కూడా పిడుగుకు కనబడదు. కారణం... తుపాను వందల మందిని ఒకేసారి కబళిస్తుంది. పిడుగు ఊరికొకరిని, పొలానికొకరిని తీసుకుపోతుంది. అందుకే ఆ చావులు లెక్కలోకి వస్తాయి కానీ కళ్లకు కట్టవు. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది ఎవరో చెప్పక్కర్లేదు. ఆరుబయట పనిచేసే రైతులు, కూలీలు, పశువుల కాపర్లు.

తుపాను బంగాళాఖాతంలో నాలుగు రోజులు నలిగి, నింపాదిగా తీరానికి వస్తుంది. ఉరుముల మబ్బు అలా కాదు. అరగంటలో పుట్టి, అరగంట విజృంభించి, మరో అరగంటలో చచ్చిపోతుంది. దాని మొత్తం ఆయుష్షే గంటో, గంటన్నరో. అంత తక్కువ వ్యవధిలో దాన్ని పట్టుకోవాలంటే ఆకాశం మీద నిరంతరం నిఘా ఉండాల్సిందే.

పిడుగును వెతకబోతే...

రాడార్ అంటే మనకు యుద్ధాలు, శత్రు విమానాలు గుర్తొస్తాయి. నిజానికి రాడార్‌కు పిడుగుతో బంధుత్వం దాని పుట్టుకకు ముందు నుంచీ ఉంది!

రాబర్ట్ వాట్సన్-వాట్ అనే స్కాట్లండ్ ఇంజినీరు మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటన్ వాతావరణ శాఖలో చేరాడు. అప్పటి విమానాలు కర్రతో, గుడ్డతో చేసినవి. ఉరుముల మబ్బులో చిక్కుకుంటే అంతే సంగతులు. పైలట్లను ముందే హెచ్చరించే మార్గం కనిపెట్టడం ఆయనకు అప్పజెప్పిన పని. మెరుపు మెరిసినప్పుడు రేడియోలో 'కరకర'మనే శబ్దం వస్తుంది కదా. అది మెరుపు నుంచి వెలువడే రేడియో తరంగం. అది ఏ దిక్కు నుంచి వచ్చిందో రెండు వేర్వేరు చోట్ల కనిపెట్టి, మ్యాపు మీద రెండు గీతలు గీస్తే అవి కలిసిన చోటే మబ్బున్నట్టు. ఆలోచన బాగుంది. కానీ ఆ తరంగం రెప్పపాటు కూడా నిలవదు. యాంటెన్నాను అటూ ఇటూ తిప్పి దిక్కు కనుక్కునేలోపు మాయం. అందుకని ఆ క్షణికమైన సంకేతాన్ని తెర మీద గీతలా చూపించే కేథోడ్ రే గొట్టాన్ని 1920ల్లో ఈ పనికి వాడుకున్నాడాయన.

1935లో బ్రిటన్ వైమానిక శాఖకు ఓ చిత్రమైన సందేహం వచ్చింది. శత్రు విమానాల్ని కూల్చే 'మృత్యుకిరణం' తయారు చేయగలమా అని వాట్సన్-వాట్‌ను అడిగింది. ఆయన సహాయకుడు ఆర్నల్డ్ విల్కిన్స్ లెక్కలు వేసి అది అయ్యే పని కాదని తేల్చాడు. అయితే విమానానికి తగిలి వెనక్కి వచ్చే రేడియో తరంగాన్ని పట్టుకుంటే, అదెక్కడుందో తెలుస్తుందన్నాడు. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర, బీబీసీ ప్రసార కేంద్రం తరంగాలతోనే ప్రయోగం చేశారు. గాల్లో ఎగురుతున్న బాంబర్ విమానం తెర మీద దొరికిపోయింది. అప్పుడు చూసిన తెర... మెరుపుల్ని పట్టుకోవడానికి అలవాటు చేసుకున్న ఆ కేథోడ్ రే గొట్టమే. పిడుగును వెతుక్కుంటూ బయల్దేరిన మనిషికి దారిలో దొరికిన నిధి రాడార్!

యుద్ధంలో చికాకు... తర్వాత వరం

రెండో ప్రపంచయుద్ధం నాటికి పది సెంటీమీటర్ల తరంగాలతో పనిచేసే రాడార్లు వచ్చాయి. వాటి ముందు కూర్చున్న సైనికులకు ఓ తలనొప్పి మొదలైంది. విమానాలేమీ లేకపోయినా తెర మీద పెద్ద పెద్ద మరకలు. వాటి వెనక శత్రు విమానాలుంటే? ఆరా తీస్తే అవి వానజల్లులు. సైన్యానికి చికాకనిపించిన ఆ మరకలే వాతావరణ శాస్త్రవేత్తలకు వరమయ్యాయి.

యుద్ధం ముగియగానే అమెరికా 1946లో ఫ్లోరిడాలో, 1947లో ఒహాయోలో 'థండర్‌స్టార్మ్ ప్రాజెక్ట్' చేపట్టింది. హోరేస్ బయర్స్, రాస్కో బ్రహమ్ అనే శాస్త్రవేత్తలు దాన్ని నడిపించారు. యుద్ధంలో మిగిలిన పి-61 'బ్లాక్ విడో' విమానాల్ని ఒకదాని మీద ఒకటి వేర్వేరు ఎత్తుల్లో ఉరుముల మబ్బుల్లోకి పంపించారు. కింద నుంచి రాడార్ దారి చూపించేది. అలా 1,300 సార్లకు పైగా మబ్బుల్ని చీల్చుకుంటూ వెళ్లి వచ్చారు. ఒక్క విమానం కూడా పోలేదు.

ఈ రోజు మన పిల్లలు చదువుకునే ఉరుముల మబ్బు జీవితకథ అప్పుడు తేలిందే. మొదటి దశలో గాలి పైకి మాత్రమే లేస్తుంది. మబ్బు కోటలా పెరుగుతుంది. రెండో దశలో ఓ పక్క పైకి లేచే గాలి, మరోపక్క వానతోపాటు కిందికి దూకే గాలి. ఈదురుగాలి, వాన, వడగళ్లు, పిడుగులు... అన్నీ అప్పుడే. మూడో దశలో కిందికి దిగే గాలే మిగులుతుంది. పైకెక్కే వేడి, తేమ ఆగిపోతాయి. మబ్బు నీరసించి చెదిరిపోతుంది.

మన దగ్గరా రాడార్‌కు పాత చరిత్రే ఉంది. తుపానుల్ని పసిగట్టే తొలి రాడార్‌ను భారత వాతావరణ శాఖ 1970లో నెలకొల్పింది మరెక్కడో కాదు... విశాఖపట్నంలోనే. 2002లో చెన్నైతో డాప్లర్ రాడార్ల శకం మొదలైంది. తర్వాత మచిలీపట్నం, విశాఖ, శ్రీహరికోట, హైదరాబాద్ కూడా ఆ జాబితాలో చేరాయి.

మబ్బులో కరెంటు ఎవరు తయారుచేస్తారు?

నల్లమల అడవుల్లో హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి మరణించిన 2009 సెప్టెంబరులో ఓ పేరు తెలుగునాట ఇంటింటా వినిపించింది. క్యుములోనింబస్. పిడుగుల కార్ఖానా ఈ మబ్బే. అడుగు భాగం నేలకు కిలోమీటరో, రెండు కిలోమీటర్లో ఎత్తులో ఉంటే, తల పన్నెండు నుంచి పదహారు కిలోమీటర్ల దాకా పోతుంది. అంటే ఎవరెస్టు శిఖరం దాని నడుము దాటి కాస్త పైకి వస్తుందంతే.

మన ప్రాంతంలో దాదాపు అయిదు కిలోమీటర్ల ఎత్తుకు వెళితే ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు. ఇంకా పైకెళితే మైనస్. అక్కడ నీళ్లన్నీ గడ్డకట్టిపోవాలి కదా! కానీ విచిత్రం... మైనస్ పది, మైనస్ పదిహేను డిగ్రీల్లోనూ బోలెడన్ని సన్నటి నీటి తుంపరలు గడ్డకట్టకుండా ద్రవంగానే ఉండిపోతాయి. అవి మంచు పలుకులకు తగిలితే చాలు, ఠక్కున అతుక్కుని గడ్డకడతాయి. అలా అతుక్కుంటూ పోయి సగ్గుబియ్యం గింజల్లాంటి మెత్తటి మంచు ముద్దలు తయారవుతాయి. శాస్త్రవేత్తలు వాటిని గ్రాపెల్ అంటారు.

ఈ బరువైన ముద్దలు కిందికి జారుతుంటాయి. చిట్టి మంచు పలుకులు గాలితో పైకి లేస్తుంటాయి. దారిలో రెండూ ఢీకొంటాయి. కోట్లాది సార్లు. ప్రతి ఢీకొట్టుడులోనూ కాస్తంత విద్యుదావేశం చేతులు మారుతుంది. మంచు ముద్దలు రుణావేశాన్ని మూటగట్టుకుని మబ్బు నడుము దగ్గర ఉండిపోతే, పలుకులు ధనావేశంతో తలదాకా వెళ్లిపోతాయి. మబ్బు పెద్ద బ్యాటరీ అయిపోతుంది. తేడా పెరిగి పెరిగి గాలి ఇక ఆపలేని స్థితి వస్తుంది. అంతే... మెరుపు! చాలావరకు అది మబ్బులోనే తిరుగుతుంది. కొన్ని నేలకు దిగుతాయి. అవే పిడుగులు. ఆ క్షణంలో ఆ సన్నటి దారిలో ఉష్ణోగ్రత దాదాపు 30 వేల డిగ్రీలకు చేరుతుంది. సూర్యుడి ఉపరితలం కంటే అయిదు రెట్లు వేడి. గాలి ఒక్కసారిగా వ్యాకోచించి పేలుతుంది. మనకు వినబడే ఉరుము ఆ పేలుడే.

అంటే పిడుగుకు ముడిసరుకులు మూడు. మంచు ముద్దలు, మంచు పలుకులు, వాటిని ఢీకొట్టించే బలమైన పైగాలి. ఈ మూడూ ఒకేచోట చేరుతున్నాయా లేదా అన్నదే రాడార్ చూడాల్సింది.

పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమా?

రాడార్ చేసే పని వినడానికి చాలా తేలిక. ఓ తరంగాన్ని వదులుతుంది. చెవి రిక్కించి వింటుంది. చినుకులకు తగిలి కొంచెం వెనక్కి వస్తుంది. 150 కిలోమీటర్ల దూరంలోని మబ్బు నుంచి ప్రతిధ్వని రావడానికి పట్టే సమయం సెకనులో వెయ్యో వంతు. ఎంతసేపటికి వచ్చిందన్నదాన్ని బట్టి దూరం, ఎంత గట్టిగా వచ్చిందన్నదాన్ని బట్టి మబ్బులోని సరుకు తెలుస్తాయి.

ఇక్కడో తమాషా ఉంది. చినుకు వ్యాసం రెట్టింపయితే ప్రతిధ్వని రెట్టింపు కాదు... 64 రెట్లవుతుంది! అందుకే పెద్ద చినుకులు, గ్రాపెల్, వడగళ్లు ఉన్నచోట తెర మీద పసుపు, నారింజ, ఎరుపు రంగులు భగ్గుమంటాయి. ఆ బలాన్ని డీబీజెడ్ అనే కొలతలో చెబుతారు.

అలాగని ఎర్రగా కనబడిన ప్రతి మబ్బూ పిడుగులు కురిపించదు. కోస్తాలో వాయుగుండం వచ్చినప్పుడు కుండపోతగా వాన పడుతుంది. ఉరుములు మాత్రం పెద్దగా ఉండకపోవచ్చు. అక్కడ వాన చాలావరకు కింది పొరల్లోనే తయారవుతుంది. మరోచోట పదంటే పది నిమిషాలు జల్లు పడుతుంది కానీ పిడుగుల మోత మోగిపోతుంది. వానకూ పిడుగుకూ ఒకే మంత్రం పనిచేయదన్నమాట. అందుకే శాస్త్రవేత్తలు ఎరుపు రంగు ఉందా అని అడగరు. ఏ ఎత్తులో ఉంది అని అడుగుతారు. ఉష్ణోగ్రత మైనస్ పది డిగ్రీలుండే ఎత్తులో, అంటే మన దగ్గర దాదాపు ఆరున్నర ఏడు కిలోమీటర్ల పైన, 35 నుంచి 40 డీబీజెడ్ బలమైన ప్రతిధ్వని కనబడిందంటే అక్కడ మంచు ముద్దలు పోగుపడుతున్నట్టే. తొలి మెరుపు ఇంకో పది, ఇరవై నిమిషాల్లో రావచ్చు. ప్రపంచంలో చాలా దేశాల్లో వాడే మొదటి గుర్తు ఇదే.

రెండో ఆయుధం డాప్లర్. రైలు మన వైపు వస్తున్నప్పుడు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా. 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పిన సూత్రమది. ప్రతిధ్వనిలో అలాంటి మార్పును బట్టి చినుకులు రాడార్ వైపు వస్తున్నాయో, దూరంగా పోతున్నాయో, ఎంత వేగంతోనో తెలుస్తుంది. మబ్బులోకి గాలి ఎటు నుంచి చొరబడుతోందో, ఈదురుగాలి ఎటు తోసుకొస్తోందో ముందే పట్టేయొచ్చు.

మూడోది ద్విధ్రువ రాడార్. ఇది అడ్డంగా కంపించే తరంగాన్నీ, నిలువుగా కంపించే తరంగాన్నీ కూడా పంపుతుంది. పెద్ద వానచినుకు మనం బొమ్మల్లో గీసే కన్నీటి బొట్టులా ఉండదు. గాలి ఒత్తిడికి అడుగు నొక్కుకుపోయి ఇడ్లీలా బల్లపరుపుగా ఉంటుంది. దాన్నుంచి అడ్డ తరంగం ఎక్కువగా తిరిగొస్తుంది. దొర్లుకుంటూ పడే మంచు ముద్ద నుంచి రెండూ దాదాపు సమానంగా వస్తాయి. ఈ తేడాతో నీళ్లెక్కడ, మంచెక్కడ అన్నది విడివిడిగా తెలుస్తుంది. సున్నా డిగ్రీల గీత దాటి పైకి కూడా నీటి చినుకులు నిలువు స్తంభంలా కనబడితే... వాటిని అంత ఎత్తుకు ఎత్తిపట్టిన గాలి ఎంత బలమైనదో ఊహించుకోవచ్చు. మబ్బు ముదురుతోందనడానికి అది సాక్ష్యం.

మెరుపునే చూడొచ్చా?

ఇదంతా మెరుపుకు ముందు జరిగే ఏర్పాట్లను చూడటం. అసలు మెరుపునే రాడార్‌తో చూడలేమా? చూడొచ్చు. మెరుపు దారిలో గాలి అణువులు చితికిపోయి ప్లాస్మాగా మారతాయి. ఆ క్షణానికి అది ఆకాశంలో వేలాడదీసిన ఇనప తీగలాంటిది. రాడార్ తరంగం దానికి తగిలి వెనక్కి వస్తుంది. అమెరికాలో మైరన్ లిగ్డా 1950లోనే ఈ ప్రతిధ్వనుల్ని పట్టుకున్నాడు. కాకపోతే చిన్న తరంగాల రాడార్లలో వాన ప్రతిధ్వని హోరులో మెరుపు గొంతు వినబడదు. తరంగం పొడవు పెరిగేకొద్దీ వాన గొంతు తగ్గిపోయి, మెరుపు స్పష్టంగా తెలుస్తుంది.

ఈ కిటుకుతో 1980ల్లో నాసా ఓ సాహసం చేసింది. ఎఫ్-106 యుద్ధవిమానాన్ని కావాలని ఉరుముల మబ్బుల్లోకి పంపింది. కింద పొడవాటి తరంగాల రాడార్ మెరుపుల్ని చూస్తూ, విమానాన్ని వాటి మధ్యకే మళ్లించేది. 1980 నుంచి 1986 దాకా ఆ విమానం మీద పడ్డ పిడుగులు 714! విమానం చెక్కుచెదరలేదు. రాడార్ రికార్డులు చూశాక ఓ కొత్త సంగతి బయటపడింది. చాలా సందర్భాల్లో మెరుపు ఎక్కడి నుంచో వచ్చి విమానాన్ని తాకలేదు. విమానం దగ్గరే మొదలై రెండు వైపులా పాకింది. అంటే ఆవేశంతో నిండిన మబ్బులోకి దూరి, విమానమే దాన్ని రెచ్చగొట్టిందన్నమాట. ఇప్పుడు మనం ఎక్కే విమానాలకు పిడుగు రక్షణ ఏర్పాట్లలో ఆ ప్రయోగాల పాఠాలున్నాయి.

గాదంకి పొలాల్లో నాలుగెకరాల కన్ను

తిరుగుతూ చుట్టూ చూసే డాప్లర్ రాడార్‌కు ఓ లోపముంది. తన వైపు వచ్చే, తన నుంచి పోయే కదలికే దానికి తెలుస్తుంది. దూరపు మబ్బులో నిట్టనిలువుగా పైకి లేచే గాలిని అది నేరుగా కొలవలేదు. పిడుగుకు ఇంధనం ఆ నిలువు గాలే కదా! దాన్ని కొలవాలంటే నడినెత్తి మీదికి చూసే రాడార్ కావాలి. అలాంటిది మన తిరుపతి దగ్గరే ఉంది.

చుట్టూ కొండలు, మధ్యలో గాదంకి. రేడియో రణగొణధ్వనులు అంతగా చొరబడని చోటు. అక్కడ వరసగా పాతిన 1,024 యాంటెన్నాలు 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు స్థలంలో పరుచుకుని ఉంటాయి. అంటే నాలుగెకరాలకు పైమాటే. ఇక్కడ గిరగిరా తిరిగే గిన్నె ఉండదు. పొలంలో నాటిన మొక్కల్లా కదలకుండా ఉండే యాంటెన్నాలే. తరంగాల్ని విడుదల చేసే క్రమాన్ని మార్చి, కిరణాన్ని కావలసిన దిక్కుకు తిప్పుతారు. ఇదే ఎంఎస్‌టీ రాడార్. 1990ల మొదట్లో పని ప్రారంభించింది. ఇక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అంతరిక్ష శాఖ ఆధ్వర్యంలో నడుస్తుంది.

దీని తరంగం పొడవు దాదాపు అయిదున్నర మీటర్లు. ఇంత పొడవాటి తరంగానికి చినుకులే కాదు, గాలిలోని సుడులు కూడా కనబడతాయి. మబ్బు లేని ఆకాశంలోనూ గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో చెప్పేస్తుంది. ఉరుముల మబ్బు సరిగ్గా నెత్తి మీదికి వచ్చినప్పుడు దీని గొప్పతనం తెలుస్తుంది. గాలి పైకి లేస్తుంటుంది. చినుకులు కిందికి పడుతుంటాయి. ఆ రెండింటినీ ఒకేసారి, వేటికవిగా చూపించగలదు. మామూలు రోజుల్లో గాలి నిలువు కదలిక సెకనుకు కొన్ని సెంటీమీటర్లే. ఉరుముల మబ్బులో అది పది మీటర్లు దాటిన సందర్భాలున్నాయి. అది గంటకు 36 కిలోమీటర్లు... నేరుగా ఆకాశంలోకి!

అయితే నడినెత్తిని చూసే కన్ను దారిన పోయే మబ్బుల్ని వెంటాడలేదు. నలుదిక్కులా చూసే కన్ను నిలువు గాలిని కొలవలేదు. అందుకే రెండూ కావాలి. ఒకటి మబ్బు స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి, మరొకటి దాన్ని వెంబడించడానికి. మూడో కన్ను అంతరిక్షంలో పనిచేసింది. అమెరికా, జపాన్ కలిసి 1997లో ప్రయోగించిన టీఆర్‌ఎంఎం ఉపగ్రహం తొలిసారిగా వాన రాడార్‌నూ, మెరుపుల్ని లెక్కపెట్టే కెమెరానూ ఒకేచోట మోసుకెళ్లింది. మబ్బు పై భాగంలో మంచు ఎంత ఎక్కువుంటే మెరుపులు అంత ఎక్కువన్న సంగతి సముద్రం మీదా, నేల మీదా కూడా రుజువైంది. సముద్రం మీద కంటే నేల మీదే మెరుపులు ఎందుకు ఎక్కువో కూడా తెలిసింది. ఎండకు కాలిన నేల గాలిని బలంగా పైకి తోస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మనకు పిడుగుల బెడద ఎందుకో అర్థమైంది కదా!

ఇంత ఉన్నా... ఎక్కడ ఆగిపోతోంది?

రాడార్ సర్వాంతర్యామి కాదు. భూమి గుండ్రంగా ఉంటుంది. కిరణం సూటిగా పోతుంది. అందుకని దూరం పెరిగేకొద్దీ కిరణం నేలకు ఎత్తుగా వెళ్లిపోతుంది. అర డిగ్రీ కోణంలో పంపిన కిరణం 200 కిలోమీటర్లు వెళ్లేసరికి దాదాపు నాలుగు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని కింద జరిగేది కనబడదు. కొండల వెనకా అంతే. దేశం మొత్తమ్మీద డాప్లర్ రాడార్ల సంఖ్య 2024 నాటికి నలభైకి దగ్గరపడింది. ఇంత పెద్ద దేశానికి అది చాలదు. అందుకే 2024లో కేంద్రం 'మిషన్ మౌసమ్'కు 2,000 కోట్ల రూపాయలు కేటాయించినప్పుడు కొత్త రాడార్లను ముఖ్యమైన అంశంగా పెట్టుకుంది.

రెండో సమస్య సమయం. గిన్నె తిప్పుతూ, ఒక్కో కోణం పెంచుకుంటూ ఆకాశమంతా ఓసారి చుట్టి రావడానికి మామూలు రాడార్‌కు పది నిమిషాల దాకా పడుతుంది. ఆ పది నిమిషాల్లో మబ్బు కథే మారిపోవచ్చు. గాదంకిలోలా కిరణాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో తిప్పితే ఈ ఆలస్యం ఉండదు. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో 2012లో పెట్టిన అలాంటి వాతావరణ రాడార్ అర నిమిషంలోపే ఆకాశాన్ని చుట్టేస్తుంది.

ఈలోగా మన దగ్గర రాడార్‌కు తోడుగా మెరుపుల్ని వినే సెన్సర్లు వచ్చాయి. నూరేళ్ల కిందట వాట్సన్-వాట్‌కు వచ్చిన ఆలోచనే ఇది! మెరుపు రేడియో కూతను నాలుగైదు చోట్ల విని, అది పడిన చోటును లెక్కకడతారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ దేశమంతటా ఇలాంటి సెన్సర్లు పెట్టి, 'దామిని' యాప్ తయారుచేసింది. మనమున్న చోటుకు 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగు పడే ప్రమాదం ఉంటే చెబుతుంది. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ విభాగం కూడా సెన్సర్ల సాయంతో హెచ్చరికలు పంపే ఏర్పాటు చేసుకుంది. వాతావరణ శాఖ రాబోయే మూడు గంటలకు జిల్లాలవారీగా సూచనలిస్తుంది.

రాడార్ చూసింది. కంప్యూటర్ లెక్కకట్టింది. కార్యాలయం నుంచి మెసేజ్ బయల్దేరింది. అసలు చిక్కు ఇక్కడే. మెసేజ్ చేరేసరికి రైతు ఫోను ఇంట్లో చార్జింగ్‌లో ఉంటుంది. లేదా గట్టు మీద చొక్కా జేబులో ఉంటుంది. వరినాట్లు వేసే కూలీ నడుముకు ఫోను ఉండదు. 'మీ జిల్లాలో పిడుగులు పడవచ్చు' అన్న మాట రోజూ వింటే అది పులి కథే అవుతుంది. జిల్లా అంటే ఎంత? ఏ మూల? అని అడిగేవాడికి జవాబు దొరకాలి. పని మానేస్తే ఆ పూట కూలి పోతుందన్న భయం సరేసరి. రాడార్ ఇచ్చే ఇరవై నిమిషాల్లో పదిహేను నిమిషాలు ఆఫీసుల మధ్యే ఖర్చయితే ఇక మిగిలేదెంత? ఊరి మైకులో సర్పంచి చెప్పే ఒక్క మాట, గుడి గంటో బడి గంటో మోగించే ఓ కట్టుబాటు, పొలాల మధ్య పిడుగు వాహకం ఉన్న ఓ చిన్న పక్కా గది... ఇలాంటివి తోడైతేనే ఆ కోట్ల రూపాయల యంత్రం కష్టం ఫలిస్తుంది.

ఉరుము వినబడితే...

* మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఓ కిలోమీటరు. ముప్పై సెకన్లలోపు ఉరుము వినబడిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. వెంటనే లోపలికి వెళ్లండి. 

* వాన మొదలయ్యేదాకా ఆగొద్దు. మబ్బుకు పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఎండ కాస్తున్న చోట కూడా పిడుగు పడవచ్చు.

* చెట్టు కింద నిలబడొద్దు. ఒంటరి చెట్టయితే మరీ ప్రమాదం. రేకుల పాకలు, పందిళ్లు కూడా రక్షణ కాదు. పక్కా ఇల్లు, లేదా అద్దాలు మూసిన కారు, బస్సు మేలు.

* చెరువులో, మడిలో ఉంటే బయటికి రండి. విద్యుత్ స్తంభాలు, ఇనప కంచెలకు దూరంగా ఉండండి.

* గుంపుగా ఉండొద్దు. పిడుగు పడిన చోటు నుంచి కరెంటు నేలలో పాకుతుంది. పశువుల ముందు కాళ్లకూ, వెనక కాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ. మందలు మందలుగా చనిపోయేది అందుకే. మరో దారి లేకపోతే పాదాలు రెండూ దగ్గరగా పెట్టి, గొంతుక్కూర్చోండి. నేల మీద పడుకోవద్దు.

* పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు. ధైర్యంగా తాకవచ్చు. ఊపిరి ఆగితే ఆలస్యం చేయకుండా గుండె మీద నొక్కుతూ ప్రథమ చికిత్స చేయండి. 108కి ఫోన్ చేయించండి. చాలామంది బతికి బయటపడతారు.

* చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు.

పిడుగు పడితే అర్జునుడి పేర్లు తలచుకోమని మన పెద్దవాళ్లు నేర్పారు. భయంతో ఉన్న పిల్లల గుండెకు అది ధైర్యం. తప్పేం లేదు, తలచుకోండి. కాకపోతే ముందు ఇంట్లోకి వచ్చి, ఆ తర్వాత తలచుకోండి. ఎందుకంటే వందల కిలోమీటర్ల అవతల మబ్బు కడుపులోని మంచు ముద్దల్ని చూడగలిగే రాడార్ కూడా చేయలేని పని ఒకటుంది. చెట్టు కింద నిలబడ్డ మనిషి చేయి పట్టుకుని ఇంట్లోకి లాక్కురావడం. ఆ పని పక్కనున్న మనమే చేయాలి!